స్ట్రోక్ తర్వాత నాన్నకి "మందు" అంటే ఏ మందో ఎందుకు తేలడం లేదు?

గాజువాక నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఈ జవాబు. వాళ్ల నాన్నగారికి అరవై రెండేళ్లు. మూడు నెలల క్రితం స్ట్రోక్ వచ్చింది. మెదడు కుడివైపు రక్తనాళం పూడుకుపోయిందని స్కాన్‌లో తేలింది. ఎడమ చెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు గానీ మాట మాత్రం స్పష్టంగానే ఉంది. అయినా "నాన్నా, మందు వేసుకున్నావా?" అంటే "నేను మానేసి పదేళ్లయింది, ఇంకా ఎందుకు ఎత్తిపొడుస్తావు?" అని కోప్పడ్డారట. లైటు తీసెయ్యమంటే, బల్బు విప్పడానికి స్టూల్ తెమ్మన్నారట. వాళ్లమ్మగారు "పిల్లాడి తల తినకండి" అంటే "నేనేం తిన్నాను?" అని అయోమయంగా చూశారట. ఇది చెవుడా, మొండితనమా, మతిమరుపు మొదలైందా, తగ్గుతుందా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఇది మొండితనం కాదు. మీరు రాసినదాన్ని బట్టి చెవుడులాగానూ లేదు, మతిమరుపులాగానూ లేదు. మెదడు కుడివైపు దెబ్బతిన్నవాళ్లలో నేను తరచుగా చూసే ఇబ్బంది ఇది. మాటల అర్థాలు ఆయన దగ్గరే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. ఒక మాటకు రెండు అర్థాలున్నప్పుడు, సందర్భానికి పనికిరానిదాన్ని పక్కన పెట్టే శక్తి తగ్గింది. చాలామందిలో ఇది నెలలు గడిచేకొద్దీ మెరుగవుతుంది. ఇంట్లో మాట్లాడే తీరు కొంచెం మార్చుకుంటే గొడవలు ఈ వారం నుంచే తగ్గుతాయి.

నేను విశాఖలో పద్దెనిమిదేళ్లుగా స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. మీ నాన్నగారిని చూడకుండా రాస్తున్నాను కాబట్టి, ఆయన్ని పరీక్షించిన డాక్టర్ చెప్పిందాంతో ఇందులో ఏదైనా తేడా ఉంటే డాక్టర్ మాటే వినండి.

అసలు మెదడు ఏం చేస్తుందో ముందు చూద్దాం. "రాయి తగిలి పడ్డాడు" అన్నా, "ఉత్తరం రాయి" అన్నా మనకు ఏ తికమకా ఉండదు. రెండో అర్థం గుర్తుకొచ్చినట్టు కూడా అనిపించదు. కానీ అది వస్తుంది, వచ్చి వెళ్లిపోతుంది. 1979లో డేవిడ్ స్విన్నీ అనే శాస్త్రవేత్త దీన్ని ఒక మంచి ప్రయోగంతో చూపించారు. ఇంగ్లీషులో "బగ్స్" అంటే పురుగులు, గదిలో దాచిపెట్టి మాటలు వినే పరికరాలు కూడా. పురుగుల గురించే నడుస్తున్న వాక్యం చెవిలో వినిపిస్తూ, ఆ మాట వచ్చిన క్షణంలోనే తెరమీద ఒక పదం చూపించారు. చీమ అనే పదాన్నీ, గూఢచారి అనే పదాన్నీ కూడా జనం సంబంధం లేని పదాలకన్నా త్వరగా గుర్తుపట్టారు. అంటే రెండు అర్థాలూ తెరుచుకున్నాయన్నమాట. వాక్యం ఇంకో మూడు అక్షరాలు ముందుకు నడిచాక చూపిస్తే చీమకు మాత్రమే ఆ వేగం మిగిలింది. రెండో తలుపు అప్పటికే మూసుకుపోయింది.

కాబట్టి ఇందులో రెండు పనులున్నాయి. అర్థాలన్నీ తెరవడం ఒకటి, కావలసింది ఉంచుకుని మిగతావి మూసేయడం రెండోది. దెబ్బ ఎక్కడ తగిలిందన్నదాన్ని బట్టి ఈ రెండింటిలో ఏది కుంటుపడుతుందో మారుతుంది. ఇంట్లోవాళ్లకి అన్నీ ఒకేలా "అర్థం చేసుకోవట్లేదు" అనిపిస్తాయి గానీ లోపల జరిగేది వేరువేరు.

ఎడమవైపు ముందు భాగం దెబ్బతింటే ఈ ఎంపికలో ముఖ్యంగా వేగం పోతుంది. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో నూటికి దాదాపు 95 మందికి భాష పని ఎక్కువగా ఎడమవైపే జరుగుతుంది. ఎడమ ముందు భాగంలో బ్రోకా ప్రాంతం అని ఒకటుంది. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి డాక్టర్, "టాన్" అన్న ఒక్క మాట తప్ప పలకలేని రోగి మెదడును పరిశీలించి చెప్పిన చోటు అది. అక్కడ దెబ్బతింటే మాట రాదు గానీ అర్థమంతా అవుతుందని చాలాకాలం అనుకునేవారు. అది పూర్తిగా నిజం కాదు. 1998లో స్వాబ్, బ్రౌన్, హగోర్ట్ అనే ముగ్గురు ఇలాంటి రోగుల మెదడు విద్యుత్ తరంగాలను కొలిచారు. రెండర్థాల మాట విన్న సెకనులో పదో వంతు తర్వాత చూస్తే, పనికిరాని అర్థం వాళ్లలో ఇంకా మేలుకునే ఉంది. సెకనుంపావు గడువిచ్చి చూస్తే సరైన అర్థమే మిగిలింది. ఎంపిక జరుగుతోంది, కాకపోతే ఆలస్యంగా జరుగుతోంది. మనం మాట్లాడే వేగంలో ఆ ఒక్క సెకను చాలా పెద్దది. ఈలోపు మనం తర్వాతి వాక్యంలోకి వెళ్లిపోతాం.

నా దగ్గరికి ఫిషింగ్ హార్బర్ దగ్గర వేటకు వెళ్లే ఒకాయన వచ్చేవారు. ఎడమవైపు స్ట్రోక్, ముక్కుతూ ఒక్కొక్క మాట వచ్చేది. "చెప్పు" అంటే ముందు కాళ్లవైపు చూసేవారు. నేను ఏమీ అనకుండా రెండు మూడు సెకన్లు ఆగితే, తల ఎత్తి నావైపు చూసి "ఏటి... చెప్పాల?" అనేవారు. వాళ్లావిడ మాత్రం ఆయన కాళ్లవైపు చూడగానే "చెప్పు కాదు, చెప్పు! మాట్లాడు!" అని గట్టిగా అరిచేది. ఆ కంగారులో ఆయనకి దొరకబోయే అర్థం కూడా చేజారిపోయేది. ఆమె తప్పేమీ లేదు, భయంతో అలా చేసేది. ఆగడం నేర్పాక నెల తిరక్కుండా ఇద్దరి మధ్యా మాటలు పెరిగాయి.

కుడివైపు దెబ్బతింటే మాట బాగానే ఉంటుంది, అందుకే ఎవరూ నమ్మరు. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదే అనుకుంటున్నాను. మాట గడగడా వస్తుంది, పేర్లు గుర్తుంటాయి. కానీ మాటకు సందర్భాన్ని ముడిపెట్టడం, పైకి కనిపించే అర్థం వెనక ఇంకోటి ఉందని పట్టుకోవడం, జోకు, ఎత్తిపొడుపు, సామెత, వీటిలో కుడివైపు వాటా పెద్దది. 1977లో విన్నర్, గార్డ్‌నర్ అనే పరిశోధకులు "బరువెక్కిన గుండె" లాంటి మాటలకు బొమ్మల్లోంచి సరైనది చూపించమని అడిగితే, కుడివైపు దెబ్బతిన్నవాళ్లు ఒక మనిషి పెద్ద గుండెకాయను మోస్తున్న బొమ్మనే తరచుగా ఎంచుకున్నారు. అదే మాటను వివరించమంటే చాలామంది నోటితో సరిగ్గానే వివరించారు. మా క్లినిక్‌కి వచ్చిన ఒక రిటైర్డ్ టీచరమ్మ అచ్చం ఇలాగే చేశారు. "గుండె రాయి చేసుకుంది" అంటే రాయి ఉన్న బొమ్మమీద వేలు పెట్టారు. "అంటే ఏంటమ్మా?" అని అడిగితే "బాధ దిగమింగుకుందని కదా" అన్నారు. మళ్లీ బొమ్మ చూపించమంటే మళ్లీ రాయే! జ్ఞానం చెక్కుచెదరలేదు, దాన్ని ఆ క్షణంలో వాడుకోవడం దగ్గరే చిక్కు.

అమెరికాలో టాంప్‌కిన్స్ బృందం ఏళ్ల తరబడి చేసిన పనిలో తేలిందేమిటంటే, కుడివైపు దెబ్బతిన్నవాళ్లలో పనికిరాని అర్థం తెరుచుకుని, మూసుకోవాల్సిన సమయానికి మూసుకోదు. అది పక్కనే నిలబడి పోటీ పడుతూ ఉంటుంది. ఇంకొందరు పరిశోధకులది వేరే మాట: తక్కువ వాడే అర్థాలను, దూరపు సంబంధాలను పట్టి ఉంచే పనే కుడివైపుది కాబట్టి, అక్కడ దెబ్బతింటే ఆ అర్థాలు సరిగ్గా అందవు. నేను చూసినవాళ్లలో రెండు రకాలూ ఉన్నారు. మీ నాన్నగారి "మందు" మొదటి రకం అని నా అంచనా. మందు అంటే మాత్ర అని ఆయనకు తెలుసు. కానీ తాగుడు అనే అర్థం కూడా తెరుచుకుంది. ఆ అర్థం వెనక పదేళ్ల కిందటి కష్టం, సిగ్గు, మానేశానన్న పట్టుదల ఉన్నాయి. అంత బరువున్న అర్థాన్ని మూసేయడం దెబ్బతిన్న మెదడుకు తేలిక కాదు. ఆ కోపాన్ని దయచేసి మనసులో పెట్టుకోకండి.

"లైటు తీసెయ్" సంగతి కొంచెం వేరు. "పన్ను" లాంటి మాటలో నోట్లో పన్నుకీ, మున్సిపాలిటీకి కట్టే పన్నుకీ ఏ చుట్టరికమూ లేదు. "తీయడం" అలా కాదు. తలుపు తీయడం, అప్పు తీయడం, ఫొటో తీయడం, లైటు తీయడం, అన్నీ ఒకే మాట కొమ్మలు. మన తెలుగులో తీయు, వేయు, పెట్టు, పట్టు, కట్టు, పడు లాంటి పది పదిహేను క్రియలే సగం సంసారాన్ని నడిపిస్తాయి. "ఫ్యాను వెయ్యి" అన్నప్పుడు ఆ "వెయ్యి" అంకె కూడా అవుతుంది. అందుకే రోగులకు పెట్టే ఇంగ్లీషు పరీక్షలను తెలుగులోకి మార్చి పెడితే ఈ ఇబ్బంది సగం కూడా బయటపడదు. మన తికమకలు మన మాటల్లోనే ఉంటాయి.

ఇంకో విషయం ఉంది, నాకు చాలా ముఖ్యమనిపించేది. తెలుగులో క్రియ చివర వస్తుంది. "మొన్న టౌన్‌కి వెళ్లినప్పుడు పన్ను..." అన్నాక, "కట్టాను" అంటే టాక్సు. "కట్టించుకున్నాను" అంటే డెంటిస్టు దగ్గరికి వెళ్లొచ్చారు. తేల్చే ముక్క వాక్యం కొసన, అదీ క్రియకు అతుక్కున్న చిన్న ప్రత్యయంలో ఉంటుంది. అప్పటిదాకా రెండు అర్థాల్నీ చేతిలో పట్టుకుని కూర్చోవాలి. ఎడమవైపు దెబ్బతిన్నవాళ్లలో కొందరికి ఆ ప్రత్యయాలే ముందు జారిపోతాయి. కొన్నిసార్లు భాషే సాయం కూడా చేస్తుంది: "పంటి నొప్పి" అంటే ఇక టాక్సు ప్రసక్తే లేదు, "పన్నులు" అంటే దంతాలు కావు. అయితే "పళ్లు" అన్నామంటే మళ్లీ తోముకునేవో, కోసుకు తినేవో తేలాలి. రోగుల పరీక్షల కోసం ఇలాంటి తెలుగు మాటల జాబితా ఒకటి తయారు చేసుకున్నప్పుడు ఇవన్నీ నేను కూర్చుని రాసుకున్నాను.

ఆ జాబితా తయారు చేయాల్సి రావడం వెనక నా పొరపాటు ఒకటుంది. పనిలో చేరిన మొదటి ఏడాది, భీమిలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకి బొమ్మల పరీక్ష పెట్టాను. "గుంట చూపించమ్మా" అంటే ఆమె గొయ్యి బొమ్మ వదిలేసి ఆడపిల్ల బొమ్మ చూపించింది. నేను తప్పు అని రాసుకున్నాను. మాటలు కూడా టకటకా చదివేసి, ఒక్కోదానికి రెండు సెకన్లు కూడా ఇవ్వలేదు. రిపోర్టులో "గ్రహణశక్తి బాగా తక్కువ" అని రాశాను. ఆమె మనవరాలు చూసి "మేడం, మా వైపు గుంట అంటే పిల్లే కదా" అంది. నాకు ఇప్పటికీ ఆ మాట వినబడుతుంది. ఉత్తరాంధ్రలో పుట్టి పెరిగిన మనిషికి ఆ మాటకు ముందు వచ్చే అర్థం అదే. ఎవరికి ఏ అర్థం ముందు తెరుచుకుంటుందన్నది వాళ్లు బతికిన బతుకును బట్టి ఉంటుంది. బ్యాంకులో పనిచేసినాయనకి "పన్ను" అంటే ముందు టాక్సే. పొలం ఉన్నాయనకి "మందు" అంటే ముందు పురుగుమందే. మీరు థెరపిస్టును కలిసినప్పుడు మీ నాన్నగారి ఉద్యోగం, పుట్టిన ఊరు, ఇంట్లో వాడే మాటలు తప్పకుండా చెప్పండి.

మతిమరుపు గురించి అడిగారు కాబట్టి తేడా చెబుతాను. మెదడు కణతల ముందు భాగం క్రమంగా కుంచించుకుపోయే సెమాంటిక్ డిమెన్షియా అనే జబ్బు ఉంది. అందులో అర్థాలే చెరిగిపోతాయి. తక్కువ వాడే మాటలూ అర్థాలూ ముందు పోతాయి. నేను చూసిన ఒకాయన "పట్టు చీర" అన్నప్పుడు "పట్టు అంటే ఏంటి?" అని మామూలుగా, మర్యాదగా అడిగారు. ఎంతసేపు ఆగినా, ఎంత సందర్భం చెప్పినా రాలేదు. ఇది స్ట్రోక్‌లా ఒక్క రోజులో రాదు, నెలలూ ఏళ్లూ పాకుతూ వస్తుంది. మీ నాన్నగారు విషయం విడమర్చి చెప్పగానే "ఓ, బీపీ మాత్రా" అని సర్దుకుంటున్నారా? అయితే అర్థం చెరిగిపోలేదన్నమాట. ఈ ఒక్క సంగతి గమనించండి, చాలా తెలుస్తుంది.

ఇక ఇంట్లో ఏం చేయాలి.

సందర్భం ముందు, ప్రశ్న తర్వాత. "మందు వేసుకున్నావా?" బదులు "నాన్నా, టిఫిన్ అయింది కదా. బీపీ మాత్ర వేసుకున్నావా?" అనండి. "మందు" అనే మాటను కొన్నాళ్లు ఇంట్లో అందరూ మానేయండి, మాత్ర, టానిక్, ఇంజెక్షన్ అని దేని పేరు దానికి వాడండి. "లైటు తీసెయ్" బదులు "లైటు స్విచ్ ఆపు". ఇది చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడటం కాదు. ఆయన పెద్దరికం ఆయనకుండాలి, గొంతులో జాలి వినబడకూడదు.

ఒక మాట అన్నాక మనసులో మూడు అంకెలు లెక్కపెట్టుకుని ఆగండి. అర్థం కాలేదనిపిస్తే గొంతు పెంచొద్దు. ఒకసారి అదే వాక్యం, ఆ తర్వాత వేరే మాటలతో ఒకసారి. ఒకేసారి నలుగురు నాలుగు రకాలుగా చెబితే ఆయన తలలో నాలుగింతల పని పెట్టినట్టు. టీవీ ఆపేయండి. సాయంత్రానికి ఎవరికైనా అలసట వస్తుంది, స్ట్రోక్ వచ్చిన మెదడుకు మరీ త్వరగా వస్తుంది. ముఖ్యమైన మాటలు పొద్దున్నే మాట్లాడుకోండి.

రోజుకు పది నిమిషాలు ఒక చిన్న సాధన చేయించవచ్చు. కాగితం మీద "అడుగు" అని రాయండి. ఒక మనిషిని ఏదైనా అడగడం, గిన్నె అడుగు, నడకలో అడుగు, పన్నెండు అంగుళాల అడుగు, ఎన్ని అర్థాలు తోస్తే అన్ని ఆయన్నే చెప్పనివ్వండి. తర్వాత "గిన్నె స్టవ్ మీద మర్చిపోయాను, అడుగు మాడింది" లాంటి వాక్యం చెప్పి, ఇందులో ఏ అడుగు అని అడగండి. వాక్యాల్లో ముందు సందర్భం గట్టిగా ఉండేవి తీసుకుని, తర్వాత బలహీనంగా ఉండేవాటికి వెళ్లండి. నూరు, ఆరు, పాడు, కొట్టు, కాలు, పొడి, ఇలా మన దగ్గర మాటలకు కొదవ లేదు. పరీక్ష పెట్టినట్టు కాకుండా కబుర్లలా సాగాలి. విసుగొస్తే ఆపేయండి.

ఒక జాగ్రత్త. కుడివైపు స్ట్రోక్ వచ్చినవాళ్లలో కొందరు ఎడమవైపు ఉన్నవాటిని పట్టించుకోరు. కళ్లు బాగానే ఉంటాయి, మెదడు అటు చూడదు. పళ్లెంలో ఎడమవైపు అన్నం వదిలేస్తున్నారా, పేపర్‌లో వాక్యం మొదళ్లు వదిలేసి చదువుతున్నారా చూడండి. అలా ఉంటే రాసిన కాగితాలు, బొమ్మలు పక్కపక్కన కాకుండా ఒకదాని కింద ఒకటి పెట్టండి. లేకపోతే ఆయనకు కనిపించని బొమ్మను ఎంచుకోలేదని మనం తప్పు పడతాం. ఒకసారి వినికిడి పరీక్ష కూడా చేయించండి, ఆ వయసులో ఎలాగూ మంచిదే. స్ట్రోక్ తర్వాత దిగులు కూడా చాలామందికి వస్తుంది. దానికి వైద్యం ఉంది, డాక్టర్‌కి చెప్పడానికి మొహమాటపడకండి.

తగ్గుతుందా అన్నారు. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది, మీరింకా ఆ కాలంలోనే ఉన్నారు. ఆ తర్వాత నెమ్మదిస్తుంది గానీ ఆగిపోదు. ఏడాది దాటాక మెరుగైనవాళ్లను నేను చూశాను. మామూలు మాటల తికమక ముందు తగ్గుతుంది. జోకులు, సామెతలు, ఎత్తిపొడుపులు ఆలస్యంగా వస్తాయి, కొందరిలో పూర్తిగా రావు. ఆ టీచరమ్మ ఎనిమిది నెలలకి ఇంట్లో మాటలన్నీ పట్టుకునేవారు. కోడలు వేళాకోళం చేస్తే మాత్రం "ఇది నిజంగా అన్నావా, సరదాకా?" అని అడిగేవారు. ఆ అడగడం ఆవిడే అలవాటు చేసుకున్నారు. నాకు అది గొప్పగా అనిపించింది. మీ నాన్నగారికి కూడా ఆ ప్రశ్న నేర్పండి, ఇంట్లోవాళ్లు విసుక్కోకుండా జవాబు చెప్పండి.

ఇప్పుడున్న తికమక వేరు, ఉన్నట్టుండి పెరిగే తికమక వేరు. ఒక్కసారిగా మాట ముద్దగా రావడం, మూతి వంకరపోవడం, చెయ్యి జారిపోవడం, మాటలు అసలు అర్థం కాకపోవడం కనిపిస్తే రేపు చూద్దాం అనుకోవద్దు. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. రక్తనాళంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, ఎంత ముందు ఇస్తే అంత మంచిది.

ఈ వారం ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఆయన తికమకపడ్డ ప్రతి మాటా రాయండి. మీరు అన్న వాక్యం, ఆయన అనుకున్న అర్థం, విడమర్చి చెప్పాక సర్దుకున్నారా లేదా, అప్పుడు టీవీ ఉందా, ఎంతమంది ఉన్నారు. ఇరవై వాక్యాలు పోగయ్యాక థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. వీలైతే ఇక్కడ కూడా రాయండి, చూసి చెబుతాను.